ఢిల్లీరావు వేలు, సున్నా మెట్టు

ఢిల్లీరావు చేతికి కిడ్నీ జబ్బు పాకిందనీ, అందుకే మాండొలిన్ తీగ మీద వేలు నిలవలేదనీ సంతబొమ్మాళిలో చేపలమ్మే ఆడవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. అది తప్పు. పాటల బృందం నుంచి తప్పించారన్న కోపంతో మేనమామ ఇచ్చిన వాద్యంలో తీగల కింద ఉండే లోహపు మెట్లను తానే పీకి పారేశాడని టెక్కలి వాద్యకారులు కొందరు అంటారు. మెట్టు పీకిన మాట నిజమే. కోపంతో పీకలేదు, పారేయనూ లేదు. మూలపేట రేవు పనులకు రాళ్ళు మోసే లారీల దుమ్ము తీగల్లో చేరి శబ్దం చెడిందని ఊళ్ళో ఒక పెద్దమనిషి వాదన. ఆ దుమ్ము పక్కింటి హార్మోనియంలోనూ చేరింది, అది మాత్రం బాగానే పలుకుతోంది. వీటన్నిటికంటే మర్యాదగా వినిపించే మాట మరొకటుంది. మాండొలిన్ బాగుపడింది గనుక ఢిల్లీరావుకు ఏ జబ్బూ లేదని తేలిపోయిందట. ప్రేమతో అనే మాటే అయినా, ఇన్నిటిలోనూ హాని చేయగలిగినది ఇదొక్కటే.

ఢిల్లీరావుది సముద్రం మీద బతికే ఇల్లు. మూలపేటకు కాస్త ఎడంగా, ఇసుక దిబ్బల వెనక వాళ్ళ పల్లె. తండ్రి వేటకు వెళ్ళేవాడు, అన్న కృష్ణారావు వెళ్ళేవాడు, ఊహ తెలిసిన దగ్గరనుంచి అతనూ వెళ్ళాడు. మేనమామ చిన్నారావు మాత్రం కొన్నాళ్ళు బెంగాల్ తీరంలో మరబోట్ల మీద పనిచేసి, తిరిగి వస్తూ కలకత్తాలో ఒక మాండొలిన్ కొని తెచ్చాడు. దాన్ని వాయించడం ఆయనకు అంతంతమాత్రంగానే వచ్చేది. వచ్చినంతా మేనల్లుడికి నేర్పాడు. మేనల్లుడు దాన్ని దాటి చాలా దూరం పోయాడు. రామమందిరంలో భజనలకు మొదలుపెట్టి, ఆ తరవాత టెక్కలిలో గౌరీశంకర్ నడిపే పాటల బృందంలో చేరాడు.

గౌరీశంకర్‌ది భూములూ బియ్యం మిల్లూ ఉన్న కుటుంబం. కీబోర్డు బాగా వాయిస్తాడు. వేసవిలో చేపల వేట మీద ప్రభుత్వ నిషేధం ఉండే రోజులూ, ఊరూరా అమ్మవారి సంబరాలు జరిగే రోజులూ ఇంచుమించు ఒకటే కావడం ఢిల్లీరావుకు కలిసొచ్చింది. పడవ ఒడ్డున బోర్లించి ఉన్నన్నాళ్ళూ అతడు వేదికల మీద ఉండేవాడు. నౌపడ నుంచి పలాస దాకా, సంబరాల్లో మాండొలిన్ వినిపించిందంటే అది ఢిల్లీరావే అని జనం చూడకుండానే చెప్పేవారు.

కృష్ణారావు మరణం ఈ కథకు పునాది. ఆయన్ని తీసుకుపోయింది కిడ్నీ జబ్బు. ఉద్దానం అనే ఆ తీరప్రాంతంలో దాని గురించి ఎవరికీ వివరించనక్కరలేదు. కిడ్నీల పనితీరు కొలిచే క్రియాటినిన్ అన్న మాట అక్కడ చదువురాని ముసలమ్మ నోట కూడా తడుముకోకుండా వస్తుంది. డయాలిసిస్ కోసం అన్నను ఆటోలో పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చినవాడు ఢిల్లీరావే. చివరి రోజుల్లో కృష్ణారావు కాలి చెప్పు దారిలో జారిపోయేది, ఆయనకు తెలిసేది కాదు. చేతివేళ్ళకూ అదే తిమ్మిరి పాకింది. ఒకసారి ఆటోలో వస్తూ తమ్ముడి అరచేతిలో తన చెయ్యి పెట్టి, "ఏలు ఉన్నాది. ఉన్నట్టు నాకు తెలీదురా" అన్నాడు.

ఆ మాట ఢిల్లీరావులో ఉండిపోయింది.

అన్న పోయిన మరుసటి వేసవి, నౌపడ దగ్గర ఒక ఊళ్ళో సంబరం. పాట మంచి వేగంలో ఉంది. అడుగు తీగల జంట మీద ఒక స్వరం దగ్గర జిర్రుమని ఒక గీరుడు శబ్దం వచ్చింది. మైకు దాన్ని పెద్దది చేసి ఊరంతటికీ వినిపించింది. అదే స్వరం మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ జిర్రుమంది. ఢిల్లీరావు తలవంచి చూసుకున్నాడు. అది వేలు ఎత్తేసి, ఖాళీ తీగను మీటవలసిన చోటు. వేలు ఎత్తాననే అనుకున్నాడు. కానీ ఎత్తిన వేలు పూర్తిగా పైకి లేవక తీగకు రవ్వంత ఆనుకొని ఉంటే అచ్చం అలాంటి శబ్దమే వస్తుంది. వేలు తీగను తాకుతోంది, తాకుతున్నట్టు తనకు తెలియడం లేదు.

ఈ నిర్ణయానికి రావడంలో అతడు తెలివితక్కువగా ప్రవర్తించాడని అనడానికి లేదు. అన్న చేతిని అంత దగ్గరగా చూసినవాడికి మొదట తట్టేది అదే. ఇంకో ఊళ్ళో వాద్యకారుడైతే ముందు తీగను అనుమానించేవాడు, తరవాత వాద్యాన్ని, ఆఖరికి తన చేతిని. ఉద్దానంలో వరస తలకిందులవుతుంది. అక్కడ మనిషి మొదట అనుమానించేది తన ఒంటినే.

ఆ తరవాత అతడు తనను తాను పరీక్షించుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున్నే టీ గ్లాసుకు ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే ఆనించి వేడి తెలుస్తోందా అని చూసుకునేవాడు. వల కుట్టే సూది మొనతో వేలి కొస పొడుచుకునేవాడు. ఒక రోజు తెలిసేది, ఒక రోజు తెలిసీ తెలియనట్టు ఉండేది. ఈ పరీక్షలో పెద్ద లోపమే ఉంది. తాళ్ళు లాగి లాగి, తీగలు నొక్కి నొక్కి ఆ వేళ్ళ కొసలు ఏనాడో కాయలు కాసిపోయాయి. ఆరోగ్యవంతుడి వేలయినా అంత మందపు చర్మం మీద సూది మొనకు సరిగా బదులు చెప్పదు. భయంలో ఉన్నవాడికి ఆ సంగతి తట్టలేదు. పాదాల మీద బొటనవేలితో నొక్కి గుంట పడుతోందా అని చూసుకునేవాడు. మూత్రంలో నురగ చూసుకునేవాడు. నురగ కనబడిన రోజు అన్నం సహించేది కాదు, కనబడని రోజు సరిగా చూశానా లేదా అని బెంగ.

ఆసుపత్రికి మాత్రం వెళ్ళలేదు. పల్లెకు రక్తపరీక్షల శిబిరం వస్తే ఆ ఉదయం టెక్కలిలో పని ఉందని చీకట్లోనే బయలుదేరి వెళ్ళిపోయాడు. పరీక్ష చేయించుకోనంత కాలం జబ్బు ఉండవచ్చు, లేకపోవచ్చు. చేయించుకుంటే ఆ రెండోది పోతుందేమోనని అతని భయం.

భార్య మోహిని అన్నీ గమనిస్తూనే ఉంది. రొయ్యలు వలిచే పనికి వెళ్ళి, వచ్చి, ఇంటి పని చేసుకునే మనిషి, నోరు కొంచెం చురుకు. మొదట్లో వేళాకోళం ఆడింది. టీ తాగుతున్నావా, టీకి జొరం ఉందో లేదో సూత్తన్నావా అని. తరవాత వేళాకోళం మానేసింది. మానేయడం అతన్ని ఇంకా భయపెట్టింది.

గౌరీశంకర్ మంచి ఉద్దేశంతోనే ఒక పని చేశాడు. తీగలను వాద్యం పొట్ట మీద ఎత్తిపట్టి ఉంచే చెక్కముక్కను గుర్రం అంటారు. తీగలు మెట్లకు మరీ దగ్గరగా ఉన్నట్టున్నాయని ఆ గుర్రాన్ని మరలు తిప్పి పైకి లేపాడు. తీగలు మెట్లకు దూరమయ్యాయి, జిర్రు మాత్రం కొద్దిగానే తగ్గింది. తీగ ఎత్తుకు పోయింది కాబట్టి ఇప్పుడు ప్రతి స్వరానికీ రెట్టింపు బలంతో నొక్కాలి. అలా నొక్కితే శ్రుతి హెచ్చిపోతుంది. జిర్రు అనే ఒక్క తప్పు ఉన్నచోట శ్రుతి తప్పడం రెండోదై చేరింది. వేళ్ళు రాత్రికి సలుపు పెట్టేవి. ఆ సలుపును కూడా ఢిల్లీరావు జబ్బు ఖాతాలోనే వేశాడు. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకొని, మోహినికి తెలియకుండా పడవ పనిముట్ల డబ్బాలో దాచి, వాయించిన ప్రతి రాత్రీ మింగేవాడు. ఆ మాత్రలు కిడ్నీలకు మంచివి కావని ఉద్దానంలో గోడల మీద రాసి ఉంటుంది. చదివిన గోడ ముందు నిలబడే మింగాడు.

వేసవి మధ్యలో ఒక సాయంత్రం, టెక్కలిలో సాధన ముగిశాక, గౌరీశంకర్ అతన్ని పక్కకు పిలిచాడు.

"ఢిల్లీ, ఈ ఏడాది మాండొలిన్ ముక్కలు నేను కీబోర్డులో లాగించేస్తాను. నువ్వు ముందు ఎక్కడైనా సూపించుకో."

"ఏటి సూపించుకోవాలి బాబూ?"

గౌరీశంకర్ ఢిల్లీరావు ఎడమచేతి వంక ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. చోటు మాత్రం అతనికోసం అలాగే ఉంటుందని, మరొకర్ని తేనని మాట ఇచ్చాడు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఢిల్లీరావుకు వినబడింది ఆ మాట కాదు, ఆ చూపు. తాను ఇన్నాళ్ళు ఒక్కడే మోస్తున్న అనుమానం రెండో మనిషి కళ్ళలో కనబడేసరికి, అది అనుమానం కాదు, నిజమే అనిపించింది. ఇంటికొచ్చి మాండొలిన్‌ను గోడకు తగిలించాడు. దాన్ని ముట్టుకోవడం మానేశాడు.

అలా గోడకు వేలాడుతున్న రోజుల్లోనే ఒక ఉదయం మోహిని బూజు దులుపుతోంది. ఢిల్లీరావు గడపలో కూర్చొని, కాలి బొటనవేలికి వల తగిలించుకొని, రెండు చేతులతో చిరుగు కుడుతున్నాడు. చీపురు కర్ర జారి మాండొలిన్ తీగల మీద గట్టిగా పడింది. తీగలన్నీ ఒక్కసారి మోగాయి. ఆ మోతలో, అడుగు తీగల జంటలో, అదే జిర్రు.

ఢిల్లీరావు తన చేతుల వంక చూసుకున్నాడు. రెండూ వలలోనే ఉన్నాయి.

"మల్లీ కొట్టు," అన్నాడు.

మోహిని తిట్టబోతున్నాడనుకుంది. "కావాలని కొట్టినానేటి? కర్ర జారింది మావా."

"తిట్టడం లేదే. మల్లీ కొట్టు. గట్టిగా."

ఆమె అతని ముఖం చూసి, కర్రతో మళ్ళీ కొట్టింది. మళ్ళీ జిర్రు. మెల్లగా కొట్టమన్నాడు. మెల్లగా కొడితే తీగ శుభ్రంగా పలికింది. ఇన్నాళ్ళూ తన చెవికి ఎందుకు దొరకలేదో అప్పుడు అర్థమైంది. శ్రుతి చేసుకునేటప్పుడు తీగను మెత్తగా మీటుతాడు. అప్పుడు తీగ ఊపు తక్కువ, జిర్రు రాదు. వేదిక మీద బలంగా మీటుతాడు, అప్పుడు వస్తుంది. అప్పుడేమో ఎడమచెయ్యి మెట్ల మీదే ఉంటుంది కాబట్టి తప్పు దానిదనుకున్నాడు.

మాండొలిన్‌ను దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఖాళీ తీగను గట్టిగా మీటితే జిర్రు. మొదటి మెట్టు మీద వేలు వేసి అంతే గట్టిగా మీటితే జిర్రు లేదు. రెండో మెట్టు, మూడో మెట్టు, ఎక్కడ నొక్కినా లేదు. తన వేలు తాకిన చోటల్లా తీగ బాగుంది, తాకని చోటే చెడింది. మోహిని చేత మెట్లన్నీ చూపుడు వేలితో నొక్కించి మరీ మీటి చూశాడు. ఆ వాద్యాన్ని ఎన్నడూ వాయించని వేలికీ, జబ్బు చేసిందనుకున్న వేలికీ ఒకటే ఫలితం వచ్చింది.

మాండొలిన్ మెడ చివర, మొదటి మెట్టుకంటే ముందు, లెక్కలోకి రాని మెట్టు ఒకటుంటుంది. తీగలన్నీ దాని మీద ఆని బయలుదేరతాయి. వేలు వేయకుండా మీటిన తీగకు అదే ఆసరా. వాద్యకారులు దాన్ని సున్నా మెట్టు అంటారు. మిగిలిన మెట్ల మీద తీగ వేలు నొక్కినప్పుడే పడుతుంది. దీని మీద రాత్రింబవళ్ళు బిగిసే ఉంటుంది. శ్రుతి చేసిన ప్రతిసారీ కొంచెం రాపాడుతుంది. ఢిల్లీరావు వెలుతురులోకి వెళ్ళి తీగలను పక్కకు జరిపి చూస్తే, ఆ మెట్టు మీద వరసగా గాళ్ళు పడి ఉన్నాయి. వల లాగే తాడు పడవ అంచును కోసిపెట్టే గాడి లాంటివే. అడుగు తీగల కింద అన్నిటికంటే లోతు. తీగ ఆ గాడిలోకి దిగిపోయి, మొదటి మెట్టుకు మరీ దగ్గరై, గట్టిగా ఊగినప్పుడల్లా దాన్ని తాకుతోంది. మేనమామ కొన్ననాటి నుంచి ఆ మెట్టును ఎవరూ మార్చలేదు.

టెక్కలిలో రాజేష్ అని, సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది అతనికి. బృందానికి మైకుల తీగలు అతికి ఇచ్చేదీ అతనే. మెట్టు మార్చాలని ఢిల్లీరావు అంటే, కొత్త మెట్టు ఎక్కడినుంచి తెస్తావు బావా, విశాఖపట్నం వెళ్ళాలేమో అన్నాడు. ఢిల్లీరావు అప్పటికే ఆలోచించుకొని వచ్చాడు. పొట్ట మీద, తీగల కింద, అన్నిటికంటే చివరి మెట్టు చూపించాడు. అంత ఎత్తు స్వరం తానెప్పుడూ వాయించలేదు, మేనమామ అసలే వాయించలేదు. అందువల్ల అది అరగలేదు.

"దాన్ని తీసి దీన్లో పెడదాం. పొడుగు ఎక్కువైతే కోసీవొచ్చు," అన్నాడు.

"చివర బోసిపోద్ది కదేటి?"

"అక్కడికి ఎవుడొత్తాడు రాజేషూ."

టంకం పెట్టే కడ్డీతో రాజేష్ ముందు ఆ చివరి మెట్టునూ, తరవాత అరిగిన సున్నా మెట్టునూ వేడిచేస్తే, లోపలి జిగురు మెత్తబడ్డాక ఢిల్లీరావు పట్టుకారుతో కొంచెం కొంచెంగా లేపాడు. చెక్క పెచ్చు లేవకుండా చూసుకోవడమే అందులో కష్టం. రెండోది తీసేటప్పుడు కొంత లేచింది, జిగురు పెట్టి అద్దాడు. అరగని మెట్టును సున్నా స్థానంలో దిగగొట్టి, చివరలు కోసి ఆకురాయితో నున్నగా చేశారు. గుర్రాన్ని కిందికి, పాత ఎత్తుకు దించారు. తీగలు బిగించి ఢిల్లీరావు చెయ్యి పడ్డంత బలంగా మీటాడు. తీగ శుభ్రంగా మోగింది. ఇంకోసారి మీటాడు. మెట్ల మీద వేళ్ళు తేలికగా పడుతున్నాయి, శ్రుతి నిలిచింది.

దుకాణం నుంచే గౌరీశంకర్ ఇంటికి తీసుకెళ్ళి వాయించి చూపించాడు. గౌరీశంకర్ ఒక పాట పూర్తిగా విని, లేచి వచ్చి అతని ఎడమచెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిని అవమానించానని పశ్చాత్తాపపడ్డాడు. వచ్చే సంబరానికి ముందు వరసలో కూర్చోవాలని చెప్పాడు. రాజేష్ అప్పటికే ఫోన్లో మోహినికి చెప్పేశాడు. ఆమె ఫోన్లోనే కొంచెంసేపు ఏడ్చింది.

"నీకేటీ లేదు ఢిల్లీ. తేలిపోయింది కదా," అన్నాడు గౌరీశంకర్. "ఇంక ఏ ఆసుపత్రికీ ఎల్లక్కర్లేదు."

ఢిల్లీరావు నవ్వాడు, ఆ నవ్వుతోనే బయటికొచ్చాడు. బస్టాండు దగ్గరికి వచ్చేసరికి నవ్వు లేదు. ఇన్నాళ్ళ భయానికి అలవాటుపడిన మనసు, ఆ భయం పోయిన చోటును తడిమి చూసుకుంటోంది. జిర్రు విని జబ్బు ఉందనుకున్నాడు. జిర్రు మెట్టుది. మరి ఇప్పుడు మెట్టు బాగుపడితే జబ్బు లేదని ఎలా అవుతుంది? ఉన్నదని సాక్ష్యం చెప్పడానికి పనికిరానిది, లేదని చెప్పడానికి మాత్రం ఎలా పనికొస్తుంది? పాదాల వాపు గురించి మాండొలిన్‌కు తెలియదు. నురగ గురించి తెలియదు. డబ్బాలో దాచిన మాత్రల గురించి అసలే తెలియదు. అన్నకూ తనకూ ఒకే తల్లి, ఒకే బావి నీళ్ళు.

సంతబొమ్మాళి వెళ్ళే ఆటో నిండుతోంది. డ్రైవరు అతని పేరు పెట్టి పిలిచాడు. అది ఎక్కితే ఇంట్లో ఆ సాయంత్రం పండగే. ఢిల్లీరావు మోహినికి ఫోను చేశాడు.

"నాను పలాస ఎల్తన్నాను. రకతం ఇచ్చీసి వొత్తాను."

"బాగయిపోయిందన్నాడు కదేటి రాజేషు?"

"అది బాగయింది. నాను సూపించుకోలేదు ఇంకా."

"భయంగా ఉంటే రేపు ఇద్దరం ఎల్దుం మావా."

"రేపైతే నాను రాను. నన్ను నాకు తెలుసు," అని ఫోను పెట్టేశాడు.

పలాస బస్సులో మాండొలిన్‌ను ఒళ్ళో పెట్టుకొని నిటారుగా కూర్చున్నాడు. ప్రతి స్టాపు దగ్గరా దిగిపోవాలనిపించింది. ఆసుపత్రి వరండాలో అన్న పేరు గుర్తున్న నర్సు ఒకామె, ఎవరికోసం వచ్చావని అడిగింది. నా కోసమే అన్నాడు. ఆ మాట పైకి అనడం మొదటిసారి. రక్తం తీసేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు. ఫలితం కోసం కూర్చున్నంతసేపూ అలవాటు కొద్దీ బొటనవేలితో మిగిలిన వేళ్ళను నొక్కుకుంటూనే ఉన్నాడు.

క్రియాటినిన్ ఉండవలసినదానికంటే కొంచెం ఎక్కువ ఉంది. జబ్బు మొదటి దశలో ఉందనీ, ఇప్పట్లో డయాలిసిస్ మాట అనవసరమనీ, వేళ్ళకు దీనివల్ల ఏమీ కాలేదనీ డాక్టరు చెప్పాడు. నొప్పి మాత్రల సంగతి అడిగి రాబట్టి, ఆ పూట నుంచే మానేయాలని గట్టిగా హెచ్చరించాడు. ఆ మాత్రలే అంకెను పెంచాయో, అంతకుముందు నుంచే ఉందో చెప్పడానికి ఆధారం లేదు. ముందెప్పుడూ పరీక్ష చేయించుకోలేదు కాబట్టి పోల్చడానికి పాత అంకె లేదు. మూడు నెలలకొకసారి రమ్మన్నారు. వెళుతున్నాడు. అంకె ఇప్పటికి పెరగలేదు. రేపటి సంగతి ఎవరూ చెప్పలేరు. వెళ్ళవలసిన రోజు దగ్గరపడితే ఇప్పటికీ అతనికి అన్నం సహించదు. సంబరాల్లో ముందు వరసలో కూర్చొని వాయిస్తూనే ఉన్నాడు.

ఢిల్లీరావు చేసినది ఇది: అరిగిన మెట్టు తీసి అరగని మెట్టు వేశాడు. ఆ మెట్టు తన ఒంటి గురించి అవుననీ చెప్పదు, కాదనీ చెప్పదని తెలుసుకున్నాడు. భయపడనక్కరలేదని అందరూ చెప్పిన రోజునే, భయపడుతూనే వెళ్ళి రక్తం ఇచ్చాడు.